ఫార్మాట్ కొట్టించే ముందు

కడప జిల్లా పెద్దముడియం చుట్టుపక్కల ఊళ్లలో కంప్యూటరు ఉన్న ఇళ్లలో చాలావరకు ఒక్కటే ఉంటుంది, ఇంటిల్లిపాదీ దాన్నే వాడతారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివిన అమ్మాయి ల్యాప్‌టాప్ కావచ్చు, ప్రొద్దుటూరులో బేరమాడి కొన్న పాత డెస్క్‌టాప్ కావచ్చు. శనగల ధర చూడాలన్నా, పొలానికి వన్ బీ, అడంగల్ తీయాలన్నా, ఇంటర్ ఫలితాలు చూడాలన్నా, రాత్రికి సినిమా పెట్టాలన్నా అదే దిక్కు. కొన్నాళ్లకు దాని తీరు మారుతుంది. తెర కింద కుడి మూలన 'మీ కంప్యూటర్లో వైరస్‌లు ఉన్నాయి' అని చీటీలు లేస్తుంటాయి. గూగుల్‌లో వెతికితే ఎన్నడూ చూడని వెతుకుడు పేజీ వస్తుంది. ఏ పేజీ మీద నొక్కినా ఇంకో కిటికీలో బెట్టింగ్ ప్రకటన తెరుచుకుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే కూర్చోబెట్టడానికి భయమేసే బొమ్మలు కూడా వస్తాయి.

అప్పుడు చేసే పని దాదాపు అందరిదీ ఒకటే. జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించడం. ఐదేళ్ల ఫొటోలు, పెళ్లి వీడియో, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ చేసి దాచుకున్న ఫైళ్లు ముందుగా వేరేచోట దాచుకోకపోతే అన్నీ పోతాయి. డబ్బూ అవుతుంది. నెల తిరక్కముందే అవే ప్రకటనలు మళ్లీ మొదలవుతాయి. ఈ బాధలో ఎక్కువ భాగం అక్కరలేనిది. యాడ్‌వేర్ అనే ఈ ప్రకటనల సాఫ్ట్‌వేర్ చాలాసార్లు మన అనుమతితోనే లోపలికి వస్తుంది. మనం తెలియక ఇచ్చిన ఆ అనుమతి ఎక్కడుందో వెతికి వెనక్కి తీసుకుంటే, ఫైళ్లు పోగొట్టుకోకుండానే కంప్యూటరు మామూలు స్థితికి వస్తుంది.

ముందు దీని వెనకున్న డబ్బు సంగతి తెలియాలి. ఒక ప్రోగ్రామును మన కంప్యూటర్లో ఎక్కించినందుకు ఇంతని, మనం ఒక ప్రకటన చూసినందుకు ఇంతని, ఒక బెట్టింగ్ యాప్‌లో ఖాతా తెరిచినందుకు ఇంతని మధ్యవాళ్లకు ముడుతుంది. ఒక్కో కంప్యూటరు మీద వచ్చేది కొద్దే అయినా లక్షల కంప్యూటర్ల మీద కలిస్తే అది పెద్ద వ్యాపారం. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ఫైర్‌బాల్ అనే యాడ్‌వేర్ గురించి బయటపెట్టింది. బీజింగ్‌లోని ఒక ప్రకటనల కంపెనీ దాన్ని ఇతర ఉచిత ప్రోగ్రాముల వెంట తగిలించి పంచిందని, ప్రపంచం మొత్తమ్మీద 25 కోట్ల కంప్యూటర్లకు సోకిందని, అందులో రెండున్నర కోట్లకు పైగా మన దేశంలోవేనని లెక్క వేసింది. ఆ లెక్క మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అప్పుడే అభ్యంతరం చెప్పింది. అంకె ఏదైనా, ఫైర్‌బాల్ చేసిన పని మాత్రం మన ఇళ్లలో కనిపించేదే: బ్రౌజరు మొదటి పేజీనీ, వెతుకుడు యంత్రాన్నీ మార్చేసి ఆ రాకపోకల మీద సంపాదించడం.

కొన్నిసార్లు కొత్త పెట్టె విప్పేసరికే అది లోపల ఉంటుంది. 2014 చివర్లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామును ముందే పెట్టి అమ్మింది. బ్యాంకు సైట్లు మన కంప్యూటరుతో జరిపే రహస్య సంభాషణ మధ్యలో కూడా అది దూరగలిగేది. 2015 ఫిబ్రవరిలో గొడవ బయటపడ్డాక కంపెనీ దాన్ని తీసేసే పరికరం విడుదల చేసింది. 2017లో అమెరికాలో 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ప్రకటనే కదా, చూసీ చూడనట్టు వదిలేద్దాం అనుకునేవాళ్లకు ఈ ఉదంతం చెప్పాలి. ప్రకటన చూపించడం కోసం తెరిచిన తలుపులోంచి పాస్‌వర్డు దొంగ కూడా రాగలడు.

తెలుగు ఇళ్లకు యాడ్‌వేర్ వచ్చే దారులు నాకు తెలిసినంతలో ముఖ్యంగా మూడు. మొదటిది ఉచిత సినిమాల సైట్లు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే అలాంటి సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. సినిమా కోసం వచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించడమే అతని సంపాదనకు మూలమని పోలీసులు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు, అయినా ఆ ప్రకటనలు ఇంట్లోకి ఈ దారినే వస్తున్నాయి. ఒక సైటు పోతే అలాంటివే వేరే పేర్లతో పుడతాయి. అక్కడ సినిమా మొదలయ్యే ముందు 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలో (Allow) నొక్కండి' అని ఒక పెట్టె వస్తుంది. రోబోకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అలో నొక్కితే ఆ సైటుకు మన తెర మీద ఎప్పుడైనా చీటీలు వేసే హక్కు ఇచ్చినట్టే. సినిమా అయిపోయినా, ఆ పేజీ మూసేసినా ఆ హక్కు పోదు.

రెండోది తెలుగు టైపింగ్. పెళ్లిపత్రిక రాయడానికో, బడి పని కోసమో అను స్క్రిప్ట్ మేనేజర్ ఉచితంగా ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే వచ్చే క్రాక్ ఫైళ్లలో ఏముందో ఎవరూ పూచీ పడలేరు. గూగుల్ తెలుగు ఇన్‌పుట్ అని ఒకప్పుడు విండోస్‌కు వచ్చిన ప్రోగ్రామును గూగుల్ ఎప్పుడో ఆపేసింది. ఇప్పటికీ ఆ పేరుతో ఎవరెవరో పెట్టిన సైట్ల నుంచి దించుకుంటున్నారు. నిజానికి ఇదేదీ అక్కరలేదు. 2019 మే నెల అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి, తెలుగు చేర్చుకుని, దాని ఆప్షన్లలో ఫొనెటిక్ ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయొచ్చు. అదీ వద్దనుకుంటే లేఖిని సైటులో ఏమీ దించుకోకుండానే రాసి అతికించుకోవచ్చు.

మూడోది ఇన్‌స్టాల్ చేసేటప్పటి తొందర. వీడియో ప్లేయరో పీడీఎఫ్ మార్చే ప్రోగ్రామో దించుకుంటాం. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాం. మధ్యలో ఒక పేజీలో ఇంకో రెండు ప్రోగ్రాములకు ముందే టిక్కు పెట్టి ఉంటుంది. రికమెండెడ్ అన్నది వదిలి కస్టమ్ ఎంచుకుంటే ఆ టిక్కులు కనబడతాయి, తీసేయొచ్చు. వెతికినప్పుడు పైన 'స్పాన్సర్డ్' అని వచ్చే లింకుల్లో అసలు కంపెనీది కానివీ ఉంటాయి. వీఎల్‌సీ కావాలంటే వీడియోలాన్ వాళ్ల సొంత సైటులోనే తీసుకోవాలి. ప్రభుత్వ పనులకైతే చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూడాలి. భూమి రికార్డుల మీభూమి పేరుతో, ఫలితాల పేరుతో చాలా సైట్లున్నాయి, ఆ తోక ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

ఇక తీసేసే పని. దీనికి ఒక వరుస ఉంది, దాన్ని పాటిస్తే శ్రమ తగ్గుతుంది. మొదట ఆ మూలన లేచే చీటీని నిదానంగా చదవండి. దాని మీద క్రోమ్ పేరో ఎడ్జ్ పేరో, పక్కనే ఒక సైటు చిరునామా ఉంటే అది వైరస్ కాదు, మీరు ఎప్పుడో నొక్కిన అలో. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియని ప్రతి పేరునూ బ్లాక్ చేయండి. ఎడ్జ్‌లో కూడా ఇలాంటి జాబితానే ఉంటుంది. చీటీల బాధ ఒక్కటే ఉన్న ఇంట్లో ఈ ఒక్క పనితో సమస్య తీరిపోతుంది. దీని కోసం ఫార్మాట్ కొట్టించినవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

వెతుకుడు పేజీ మారిపోతుంటే తప్పు బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ జాబితా తెరిచి, మీకు పని లేని ప్రతిదాన్నీ తీసేయండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ చూడండి. తేదీ వరుసలో పెట్టుకుంటే బాధ మొదలైన రోజుల్లో ఏవేం ఎక్కాయో తెలిసిపోతుంది. కూపన్లు, కన్వర్టర్లు, పీసీ వేగం పెంచుతామనేవి అక్కడ కనిపిస్తే ముందు వాటినే అనుమానించాలి. అవి తీసేశాక బ్రౌజరు రీసెట్ చేయండి. రీసెట్ అంటే భయపడక్కర్లేదు. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు పోవు. మొదటి పేజీ, వెతుకుడు యంత్రం మామూలుకొస్తాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి.

అప్పటికీ తీసేసింది మళ్లీ వస్తుంటే రెండు చోట్ల చూడాలి. క్రోమ్‌లో గూగుల్ ఖాతాతో సింక్ పెట్టుకున్నవాళ్లకు, హాస్టల్లో ఉన్న పిల్లాడి కంప్యూటర్లోనూ అదే ఖాతా ఉంటే, ఇక్కడ తీసిన ఎక్స్‌టెన్షన్ అక్కడి నుంచి తిరిగి రావచ్చు. రెండుచోట్లా తీయాలి. ఇక సొంత ఇంటి కంప్యూటర్లో క్రోమ్ మెనూలో 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అన్న అర్థంలో ఇంగ్లిష్ వాక్యం కనిపిస్తే, ఏదో ప్రోగ్రాము లోపలి విధానాలను మార్చి కూర్చుందని అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ వాక్యం రావచ్చు గానీ, అలాంటిదేమీ లేకపోతే స్కాన్ తప్పదు.

స్కాన్‌కు కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. కంప్యూటరు ఆగి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి తప్పించుకోవడం కష్టం. దాంతోపాటు మాల్‌వేర్‌బైట్స్ సంస్థ ఉచితంగా ఇచ్చే యాడ్‌డబ్ల్యూక్లీనర్ ప్రత్యేకంగా ఈ జబ్బుకే పుట్టింది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, దించుకుని నడిపితే చాలు, కానీ దాన్నీ వాళ్ల సొంత సైటులోనే తీసుకోవాలి. మన ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో కూడా ఉచిత పరికరాలున్నాయి. వాటిలో కొన్నిటిని తయారుచేసింది హైదరాబాద్‌లోని సీ-డాక్. పెన్‌డ్రైవ్‌ల కోసం యూఎస్‌బీ ప్రతిరోధ్ అలాంటిదే. నెట్ సెంటర్లో ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ ఇచ్చి తెచ్చుకునేవాళ్లు దాని గురించి తెలుసుకోవడం మంచిది.

ఫార్మాట్ కొట్టించినా ఎందుకు తిరిగొస్తుందో ఇప్పుడు చెప్పాలి. ఫార్మాట్ తర్వాత కొన్నిచోట్ల దొంగ విండోస్ ఎక్కిస్తారు. దాన్ని అసలుదిగా నమ్మించడానికి ఒక యాక్టివేటర్ నడుపుతారు. అది నడవాలంటే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపాలి, లేదా ఫలానా ఫోల్డరును చూడొద్దని దానికి చెప్పాలి. ఆ మినహాయింపు అలాగే ఉండిపోతుంది. చేను శుభ్రంగా దున్ని, కలుపు గింజలు కలిసిన విత్తనం చల్లినట్టు. షాపు నుంచి కంప్యూటరు రాగానే విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, ఎక్స్‌క్లూజన్స్ అనే చోట ఏమున్నాయో చూడండి. మీరు పెట్టనివి ఏవైనా ఉంటే తీసేయండి. అక్కడే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో, అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. యాడ్‌వేర్‌ను ఆపడానికే ఆ మీట ఉంది.

దొంగ విండోస్ అవసరమే చాలామందికి ఉండదని కూడా చెప్పాలి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కు దాని అనుమతి సాధారణంగా యంత్రంలోనే రాసి ఉంటుంది. అదే రకం విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తే నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది. మెకానిక్‌కు ఆ మాట ముందే చెప్పండి: 'అన్నా, దీనికి ఒరిజినల్ ఉంది, క్రాక్ వద్దు.' ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్ ఉచితం, తెలుగు అక్షరాలు అందులో బాగానే వస్తాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు విండోస్ 11కు మారే వీలుందో లేదో ఈ పనిలోనే చూసుకోవాలి.

ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఒక ఏర్పాటు చేసుకుంటే సగం కాపలా అదే కాస్తుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతా పెద్దవాళ్ల దగ్గర ఉంచుకుని, రోజూ వాడకానికి స్టాండర్డ్ ఖాతా ఇంకొకటి తెరవండి. కంప్యూటరు మొత్తానికీ ఎక్కే ప్రోగ్రాములకు అప్పుడు పాస్‌వర్డు అడుగుతుంది. అడిగినప్పుడల్లా పిల్లలను కసరకుండా, ఏం కావాలో, ఎందుకో కనుక్కుని ఇద్దరూ కలిసి అసలు సైటు వెతకండి. నొక్కినందుకు తిట్లు తిన్న పిల్లలు రేపు పెద్ద తప్పు జరిగినా దాచేస్తారు.

అలాంటి పెద్ద తప్పులు ఇప్పుడు రెండు రకాలుగా జరుగుతున్నాయి. ఒకటి, తెర నిండా ఎర్రటి హెచ్చరిక, సైరన్ మోత, కింద ఒక ఫోను నంబరు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోను నంబరు వేయదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే నిండిన తెర చిన్నదవుతుంది. కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజరును ఆపేయొచ్చు. ఆ నంబరుకు ఫోను చేస్తే ఎనీడెస్క్ లాంటిది ఎక్కించమంటారు, ఆ తర్వాత కంప్యూటరు వాళ్ల చేతుల్లో ఉంటుంది. రెండోది ఇంకా ప్రమాదకరం. రోబో కాదని నిరూపించడానికి విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో అతికించి ఎంటర్ కొట్టమంటారు. ఆ అతికించేది వాళ్లు రాసిన ఆజ్ఞ. నిజమైన సైటు ఏదీ ఆ పని చేయమని అడగదు. చేసేసినవాళ్లు వెంటనే నెట్ తీసేసి, ఫోను నుంచి బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు మార్చుకోవాలి. ఖాతాలోంచి డబ్బు కదిలిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ కాబట్టి, రేపు ప్రొద్దుటూరు పోయినప్పుడు బ్యాంకులో అడుగుదాంలే అని ఆగకూడదు.