ముప్పై ఏళ్లకు నర్సింగ్‌లోకి రావాలంటే ఏ కోర్సు ఎంచుకోవాలి? భిలాయ్ రిసాలిలోని తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

నర్సింగ్ కాలేజీలో చేరడానికి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగానికి దరఖాస్తు చేయడానికి గరిష్ఠ వయసు 30 ఏళ్లు. ఈ రెండు అంకెల మధ్య తేడాను గమనించకుండా కోర్సులో చేరితే, చదువు పూర్తయ్యేసరికి ఆశించిన ఉద్యోగానికి వయసు దాటిపోతుంది.

ఇంటర్ పూర్తయిన 18 ఏళ్ల విద్యార్థికి ఇది పెద్ద సమస్య కాదు. డిగ్రీ చదివి, కొన్నేళ్లు వేరే ఉద్యోగం చేసి, ఇప్పుడు నర్సింగ్ వైపు చూస్తున్న వారికి మాత్రం మొదట తేల్చుకోవాల్సిన విషయం ఇదే. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌ లాంటి ఊళ్లలో ఉండే తెలుగువారికి దీనికి మరో రెండు చిక్కులు తోడవుతాయి. ఒకటి స్థానికత, రెండోది కుల ధ్రువపత్రం.

రిసాలిలో ఈ ప్రశ్న ఎందుకు?

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ మధ్య 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ రోజుల నుంచే ఉత్తరాంధ్ర సహా అనేక తెలుగు ప్రాంతాల వారు పనుల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఒకప్పుడు భిలాయ్ నగరపాలక సంస్థలో భాగంగా ఉన్న రిసాలికి ఇప్పుడు సొంత నగరపాలక సంస్థ ఉంది. దానికి తొలి ఎన్నికలు 2021 డిసెంబరులో జరిగాయి.

తండ్రికి ప్లాంటులో పర్మినెంట్ ఉద్యోగం, కుటుంబానికి క్వార్టర్, వైద్యానికి సెక్టార్-9 ఆసుపత్రి... మొదటి తరం జీవితం ఇలా సాగింది. తర్వాతి తరానికి ఆ అవకాశాలు తగ్గాయి. రెగ్యులర్ ఉద్యోగాలు దశాబ్దాలుగా తగ్గుతూ, కాంట్రాక్టు పనులు పెరిగాయి. బీకాం, బీఏ చదివి షోరూముల్లో, ప్రైవేటు ఆఫీసుల్లో, బడుల్లో తక్కువ జీతాలకు పనిచేస్తున్న వారికి నర్సింగ్ ఒక దారిగా కనిపించడానికి కారణం ఇదే. కళ్ల ముందే సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. రాయపూర్‌లో 2012 నుంచి ఎయిమ్స్ ఉంది.

అయితే, నర్సింగ్ అనే ఒకే మాట కింద నాలుగైదు రకాల కోర్సులున్నాయి. అవన్నీ ఒకే చోటికి తీసుకెళ్లవు.

ఏ కోర్సుకు ఎవరు అర్హులు?

ఏఎన్‌ఎం: రెండేళ్ల కోర్సు. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా చేరవచ్చు. ఉప ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు, గర్భిణుల సంరక్షణ వంటి పనులకు ఇది పునాది. ఇది పూర్తి చేసినవారు ‘రిజిస్టర్డ్ నర్సు’ కారు. స్టాఫ్ నర్సు పోస్టులకు ఇది సరిపోదు.

జీఎన్‌ఎం: మూడేళ్ల డిప్లొమా. ఇంటర్‌లో కనీసం 40 శాతం మార్కులు, ఇంగ్లిష్‌లో ఉత్తీర్ణత ఉండాలి. సైన్స్ చదివినవారికి ప్రాధాన్యం ఉన్నా ఆర్ట్స్, కామర్స్ వారూ అర్హులే. పూర్తయ్యాక ‘రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్’గా నమోదు కావచ్చు.

బీఎస్సీ నర్సింగ్: నాలుగేళ్ల డిగ్రీ. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి, ఆ మూడింటిలో కలిపి 45 శాతం మార్కులు తెచ్చుకుని ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంటుంది. ఇంగ్లిష్‌లోనూ ఉత్తీర్ణులై ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో దీనికి ప్రవేశ పరీక్షను ‘వ్యాపం’ నిర్వహిస్తుంది. కౌన్సెలింగ్‌ను రాష్ట్ర వైద్య విద్యా విభాగం చూస్తుంది.

పోస్ట్ బేసిక్ బీఎస్సీ: జీఎన్‌ఎం పూర్తిచేసి నర్సుగా నమోదైన వారికి రెండేళ్ల కోర్సు. పూర్తయితే డిగ్రీ చేతికొస్తుంది.

భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ మూడింటికీ కనీస వయసు 17, గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఇప్పటికే ఏఎన్‌ఎంగా ఉన్నవారు జీఎన్‌ఎంలో చేరడానికి మాత్రం వయసు పరిమితి లేదు.

ఉన్న డిగ్రీ పనికొస్తుందా?

అమెరికాలో ఇప్పటికే వేరే డిగ్రీ ఉన్నవారి కోసం 11 నుంచి 18 నెలల్లో పూర్తయ్యే వేగవంతమైన నర్సింగ్ డిగ్రీలున్నాయి. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్లు రెండేళ్ల పీజీ కోర్సుతో నర్సుగా నమోదు కావచ్చు. భారత్‌లో అలాంటి దారి లేదు. బీకాం ఉన్నా, ఎంబీఏ ఉన్నా మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడ అర్హతగా చూసేది డిగ్రీని కాదు, ఇంటర్‌ను.

అందుకే కామర్స్ చదివిన వారి ముందు రెండు దారులే ఉంటాయి. నేరుగా జీఎన్‌ఎంలో చేరడం మొదటిది. సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా సైన్స్ సబ్జెక్టులు పూర్తిచేసి బీఎస్సీకి వెళ్లడం రెండోది. గుర్తింపు పొందిన ఓపెన్ స్కూళ్ల నుంచి వచ్చే అభ్యర్థులను నర్సింగ్ మండలి అనర్హులుగా చూడదు. అయితే, పాత ఇంటర్ సర్టిఫికెట్‌కు విడిగా సబ్జెక్టులు కలిపి చూపిస్తే అంగీకరిస్తారా, లేదా అన్నది చేరకముందే కౌన్సెలింగ్ అధికారులను అడిగి, రాతపూర్వకంగా సమాధానం తీసుకోవడం మంచిది. ఏడాది గడిచాక ‘చెల్లదు’ అంటే నష్టపోయేది అభ్యర్థే.

ఉద్యోగం చేస్తూ చదవడం కుదురుతుందా?

కుదరదు. బీఎస్సీలో థియరీ, ప్రాక్టికల్ తరగతులకు కనీసం 80 శాతం హాజరు ఉండాలి. ఆసుపత్రి వార్డుల్లో చేసే క్లినికల్ శిక్షణలో డిగ్రీ చేతికి రావడానికి ముందు 100 శాతం హాజరు పూర్తిచేయాలి. ఇంట్లో కూర్చుని చదివి నర్సుగా మారే దూరవిద్య కోర్సు ఏదీ లేదు.

అంటే ఫీజుతో పాటు కోల్పోయే జీతాన్నీ ఖర్చులో కలిపి చూడాలి. నెలకు 15 వేల రూపాయలు సంపాదిస్తున్న వ్యక్తి మూడేళ్లు చదివితే 5.4 లక్షలు, నాలుగేళ్లు చదివితే 7.2 లక్షల రూపాయల ఆదాయం వదులుకున్నట్టే. ఫీజు, యూనిఫాం, బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజులు దీనికి అదనం. ఇంట్లో సంపాదించేది ఒక్కరే అయితే, కోర్సు కంటే ముందు తేలాల్సిన లెక్క ఇది.

వయసు లెక్క ఎక్కడ దెబ్బతీస్తుంది?

ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను ‘నార్సెట్’ అనే ఉమ్మడి పరీక్షతో భర్తీ చేస్తారు. బీఎస్సీ నర్సింగ్ ఉన్నవారు నేరుగా రాయవచ్చు. జీఎన్‌ఎం ఉన్నవారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. గరిష్ఠ వయసు 30 ఏళ్లు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది. ఏడో వేతన సంఘం ప్రకారం ఈ పోస్టు మూలవేతనం నెలకు 44,900 రూపాయలు. అందుకే దీనికి అంత పోటీ.

ఉదాహరణకు, 27 ఏళ్ల బీకాం గ్రాడ్యుయేట్‌ను తీసుకుందాం. జీఎన్‌ఎం పూర్తయ్యేసరికి 30, రెండేళ్ల అనుభవం వచ్చేసరికి 32. జనరల్ అభ్యర్థి అయితే అప్పటికే నార్సెట్ వయసు దాటిపోయింది. ఓబీసీ అయితే ఒకటి రెండు ప్రయత్నాలు మిగులుతాయి. అదే వ్యక్తి సైన్స్ సబ్జెక్టుల కోసం ఏడాది, బీఎస్సీ కోసం నాలుగేళ్లు వెచ్చిస్తే కోర్సు ముగిసేది 32వ ఏట. అక్కడా ఫలితం అదే. ఎయిమ్సే లక్ష్యమైతే ఏ సడలింపూ లేనివారు బీఎస్సీలో 26లోపు, జీఎన్‌ఎంలో 25లోపు చేరి ఉండాలి.

ముప్పై దాటిన వారికి దారులు మూసుకుపోయినట్టు కాదు. రాష్ట్ర ప్రభుత్వ నియామకాల్లో వయోపరిమితి సాధారణంగా ఎక్కువ. తెలంగాణ వైద్య నియామక బోర్డు 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు.

రెండు రాష్ట్రాల మధ్య చిక్కు

ఆ తెలంగాణ నోటిఫికేషన్ చూసి భిలాయ్‌లోని తెలుగు అభ్యర్థి సంబరపడేముందు ‘లోకల్’ నిబంధన చదవాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికత తేలుస్తారు. రిసాలిలో బడికి వెళ్లిన వ్యక్తి మాతృభాష తెలుగైనా, తాతల ఊరు అక్కడే ఉన్నా, పోటీ పడాల్సింది మిగిలిన 5 శాతం ఓపెన్ కోటాలోనే. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికత నిబంధనలున్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లో పరిస్థితి దీనికి భిన్నం. ఇక్కడే పుట్టి పెరిగిన వారు నివాస ధ్రువపత్రం పొంది రాష్ట్ర అభ్యర్థిగా సీటుకూ, ఉద్యోగానికీ పోటీ పడవచ్చు. అయితే, రిజర్వేషన్ వేరే సంగతి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. ఒక రాష్ట్రంలో ఎస్సీగా ఉన్న వ్యక్తి వలస వెళ్లిన మరో రాష్ట్రంలో ఆ హోదాతో రిజర్వేషన్ కోరలేరని 2018లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఎస్సీ, ఎస్టీల విషయంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల సమయానికి కుటుంబం ఎక్కడుందన్నది కీలకం. ప్లాంటు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు 1955 తర్వాత వచ్చినవే.

అందుకే ఇంట్లో అమ్మానాన్నలకు ఆంధ్రలో ఉన్న సర్టిఫికెట్‌ను నమ్ముకుని ఫీజు రాయితీ, సీటు, వయసు సడలింపు లెక్కలు వేసుకోకూడదు. ఇక్కడి తహసీల్దారు కార్యాలయంలో తమకు ఏ ధ్రువపత్రం వస్తుందో ముందే తెలుసుకోవాలి. వచ్చే అవకాశం లేకపోతే జనరల్ అభ్యర్థిగానే లెక్క వేసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో జీతం ఎంత?

మధ్య వయసులో వచ్చేవారిలో ఎక్కువ మందికి మొదటి ఉద్యోగం ప్రైవేటులోనే దొరుకుతుంది. అక్కడి జీతాలపై ఫిర్యాదులు కొత్తవి కావు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీని వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రుల్లో నర్సుకు కనీసం 20 వేల రూపాయలు ఇవ్వాలని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలది. ఆచరణలో చాలా చోట్ల ఇది కాగితం మీదే ఉంది.

కాబట్టి చేరాలనుకునే కాలేజీ నుంచి గత రెండేళ్లలో బయటికొచ్చిన వారిని కలిసి, తొలి జీతం ఎంత, నైట్ డ్యూటీలు ఎన్ని అని అడగడం ఏ బ్రోచర్ చదవడం కన్నా మేలు. విదేశాల వైపు చూసేవారికి వయసు అంత అడ్డంకి కాదు గానీ భాష అడ్డమొస్తుంది. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, జర్మనీకి సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ అవసరం. కోర్సు మొదటి ఏడాది నుంచే భాష మొదలుపెట్టిన వారికి సమయం కలిసొస్తుంది.

పురుషులకు అవకాశాలున్నాయా?

ఉన్నాయి, కానీ తక్కువ. ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయిస్తారు. కొన్ని కాలేజీలు మహిళలను మాత్రమే చేర్చుకుంటాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో బోధన పోస్టులను 100 శాతం మహిళలకే కేటాయించడాన్ని రాష్ట్ర హైకోర్టు 2023 మార్చిలో కొట్టివేసింది. పురుష అభ్యర్థులు కాలేజీని ఎంచుకునే ముందే ఈ కేటాయింపులు చూసుకోవాలి.

డబ్బు కట్టేముందు ఏం చూడాలి?

‘ఆరు నెలల్లో నర్సింగ్’, ‘ఏడాదిలో గ్యారంటీ జాబ్’ అనే బోర్డుల వెనక ఉండేది ఎక్కువగా పేషెంట్ కేర్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ తరహా శిక్షణ. ఆ పనికి దాని విలువ దానికుంది. కానీ దాంతో నర్సుగా నమోదు కాలేరు. స్టాఫ్ నర్సు ఉద్యోగానికి దరఖాస్తు చేయలేరు.

జీఎన్‌ఎం, బీఎస్సీ కాలేజీ విషయంలో నాలుగు కాగితాలు అడగాలి. రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, రాష్ట్ర నర్సుల రిజిస్ట్రేషన్ కౌన్సిల్ గుర్తింపు, బీఎస్సీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయ అనుబంధం, భారత నర్సింగ్ మండలి జాబితాలో ఆ ఏడాదికి కాలేజీ పేరు. చివరిది లేకపోతే మరో రాష్ట్రానికి రిజిస్ట్రేషన్ మార్చుకోవాలన్నా, విదేశాలకు వెళ్లాలన్నా ఇబ్బంది తప్పదు. విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లే ఆలోచన ఉన్న తెలుగువారికి ఇది మరింత ముఖ్యం. అలాగే శిక్షణ ఇచ్చే ఆసుపత్రిలో పడకలు నిజంగా నిండుతున్నాయా అన్నది ఒకసారి వెళ్లి చూడాలి. ఖాళీ వార్డులో నేర్చుకునేది తక్కువ.

నర్సింగ్ విద్యను నియంత్రించే 1947 నాటి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను తెచ్చే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. నిబంధనలు మారే అవకాశం ఉంది కాబట్టి చేరే ఏడాది నోటిఫికేషన్‌నే ప్రామాణికంగా తీసుకోవాలి.

చివరికి ఎవరికి ఏది?

ఇంటర్‌లో బైపీసీ ఉండి 26 ఏళ్ల లోపు ఉన్నవారికి, నాలుగేళ్లు ఇల్లు గడిచే ఏర్పాటు ఉంటే, బీఎస్సీ మెరుగైన దారి.

ఇంటర్‌లో బయాలజీ లేక, వయసు 27 నుంచి 35 మధ్య ఉన్నవారికి జీఎన్‌ఎం ఆచరణీయం. ఏడాది ముందే సంపాదన మొదలవుతుంది. డిగ్రీ కావాలనుకుంటే తర్వాత పోస్ట్ బేసిక్ చేయవచ్చు. వీరు ఎయిమ్స్‌ను కాకుండా రాష్ట్ర ప్రభుత్వ పోస్టులు, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు, విదేశాలను లక్ష్యంగా పెట్టుకోవాలి.

మూడేళ్లు జీతం లేకుండా ఇల్లు నడవని వారికి ఏఎన్‌ఎం రెండేళ్లలో పూర్తవుతుంది. వయసు పరిమితి లేకుండా జీఎన్‌ఎంకు వెళ్లే వీలును అది నిలిపి ఉంచుతుంది. అంతకంటే తక్కువ కాలంలో ‘నర్సును చేస్తాం’ అని ఎవరైనా చెబితే, రిజిస్ట్రేషన్ నంబరు ఏ కౌన్సిల్ ఇస్తుందో అడిగితే చాలు. సమాధానం దొరక్కపోతే ఆ డబ్బు కట్టాల్సిన పనిలేదు.