మీకు తెలుసా? లైసెన్సు అడగని స్కూటర్
మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపుండి, ఆమోదం పొందిన ఎలక్ట్రిక్ స్కూటర్‌ను మన చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అందుకే దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఖర్చు కలిసొస్తుంది కదా అంటారు. నిజమే, సందు చివరి కిరాణాకొట్టుకీ రైతుబజారుకీ అది చాలు. ఆఫీసు 10 కిలోమీటర్ల దూరమైతే మాత్రం ఎక్కడా ఆగకపోయినా 24 నిమిషాలు. వెనక బస్సు హారన్ కొడుతుంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు స్కూటర్ ఆయాసం తెలుస్తుంది. మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లు (లిఫ్టు లేకపోతే మరీనూ) ఛార్జింగ్‌కి బ్యాటరీ విప్పి పైకి మోయగలరో లేదో షోరూములోనే ఎత్తి చూసుకోవాలి. రోజూ మెయిన్ రోడ్డెక్కేవాళ్లు నంబరు ప్లేటున్న బండే కొనుక్కోండి.