బట్టీ ఎరగని టైల్

టైల్ అంటే మట్టి, బట్టీ, మంట. 19వ శతాబ్దం మధ్యలో దక్షిణ ఫ్రాన్సులో వివియే ఊరి పరిసరాల్లో పుట్టిన సిమెంటు టైల్ మాత్రం బట్టీ ముఖం చూడలేదు. (సిమెంటు వచ్చేది బట్టీలోంచే అనుకోండి, ఆ లెక్క వేరు.) సిమెంటుకు కావలసిన మంచి సున్నపురాయి అక్కడ ఉంది. బిళ్లను నొక్కడానికి, జోసెఫ్ బ్రామా 1795లో పేటెంటు పొందిన హైడ్రాలిక్ ప్రెస్ అప్పటికే వాడుకలో ఉంది.

తయారీ చూడముచ్చటగా ఉంటుంది. ఇనుప అచ్చులో, పువ్వు ఆకారంలో గదులున్న ఇత్తడి చట్రం పెడతారు. తెల్ల సిమెంటు, చలువరాతి పొడి, ఆక్సైడ్ రంగులు కలిపిన చిక్కటి ముద్దను గదిగదికీ పోసి, చట్రాన్ని మెల్లగా పైకి లాగుతారు. రంగులు ఆనుకుంటాయే గాని కలిసిపోవు. వెంటనే చల్లే పొడి సిమెంటు, ఇసుక అదనపు తడిని పీల్చేస్తాయి. దానిమీద ముతక మిశ్రమం నింపి ప్రెస్‌తో నొక్కుతారు. తర్వాత నీళ్లలో నానబెట్టి, వారాల తరబడి మాగనిస్తారు. సిమెంటు ఎండి గట్టిపడదు, నీటితో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది గనుక దశాబ్దాలు తొక్కినా పువ్వు చెరగదు.

బొంబాయిలో 1922లో మొదలైన భారత్ ఫ్లోరింగ్స్ వీటిని స్వదేశీ సరుకుగా అమ్మింది. చెట్టినాడులోని ఆత్తంగుడిలో ప్రెస్సే లేకుండా పని కానిస్తారు. గాజుపలక మీద రంగులు పోసి, వెనక సిమెంటు చేత్తో పరుస్తారు. గాజు తీసేసరికి పాలిష్ అక్కర్లేని నునుపు వస్తుంది.

మొజాయిక్, సిరామిక్ వచ్చి వీటిని మూలకు నెట్టాయి. ఇప్పుడు అవే డిజైన్లను ఇంక్‌జెట్ యంత్రాలు విట్రిఫైడ్ టైళ్ల మీద అచ్చేస్తున్నాయి. చవక, మరక పట్టదు, కాదనను. కానీ ఆ పువ్వు పైపైదే.

నన్నడిగితే అసలు సిమెంటు బిళ్లలు హాలు మధ్యలో అంచు కట్టి తివాచీలా పరిచి, చుట్టూ సాదా బూడిదరంగు టైల్ వేయాలి. ఇల్లంతా పరిస్తే కళ్లు అలసిపోతాయి. వీటి మందం దాదాపు 20 మిల్లీమీటర్లు, విట్రిఫైడ్‌కు అందులో సగం. నేల మట్టం ముందే చూసుకోకపోతే గడప దగ్గర కాలు తగులుతుంది. వంటింట్లో మాత్రం వద్దు. సిమెంటుకు పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే పైపొరనే తినేస్తాయి. సీలర్ పూసినా అది కొంతకాలమే. అక్కడ గ్రానైటే మేలు.