ఉన్నచోటనే తిరుగు గడ్డికోత యంత్రము

అమెరికాలో ఇంటిచుట్టు ఎకరము, రెండెకరముల పచ్చిక గలవారు కూర్చుండి నడుపు గడ్డికోత యంత్రములను వాడుదురు. వానిలో ఒక రకమునకు స్టీరింగు ఉండదు. సాధారణముగా రెండు మీటలుండును. వెనుక చక్రములు రెండింటికిని వేర్వేరు మోటార్లు గలవు. ఒక చక్రము ముందుకును, రెండవది వెనుకకును సమవేగముతో తిరిగినచో యంత్రము ఉన్నచోటనే గిరగిర తిరుగును. ముందు చక్రములు ఆఫీసు కుర్చీ చక్రములవలె ఎటు లాగిన అటు పోవునవే. చెట్ల మొదళ్ల చుట్టు కోయుటకు ఇది ఎంతో అనుకూలము.

కొనువారు ముందుగా కోతవెడల్పును చూతురు. 42 అంగుళముల యంత్రము గంటకు 8 కిలోమీటర్లు నడిచినచో లెక్కకు రెండెకరములకు పైగా కోయవలెను. మలుపులలో కొంత కాలము పోవును గనుక అంత కోయదు. పెరటి గేటులో అది పట్టునో లేదో కూడ చూడవలెను.

అసలు కొలువవలసినది నేల వాలు. ఈ యంత్రమున నడుపుట, మలుపుట, ఆపుట అన్నియు వెనుక చక్రముల పనియే. తడిగడ్డిపై అవి జారినచో మూడును ఒక్కసారిగా పోవును. ముందు చక్రములు ఆదుకొనవు సరికదా, పల్లమునకే తిరుగును. అందుచేతనే పెక్కుమంది తయారీదారులు 15 డిగ్రీలకు మించిన వాలుపై నడుపరాదందురు. కొందరు 10 డిగ్రీలే అందురు.

దీనిని కొలుచుట సులభము. మీటరు పొడవుగల పలక ఒక కొనను వాలు ఎగువన ఆనించి, రెండవ కొనను రసమట్టముతో సమముగా ఎత్తిపట్టవలెను. ఆ కొన క్రింద ఖాళీ 27 సెంటీమీటర్లున్నచో వాలు సుమారు 15 డిగ్రీలు. టాంజెంటు పట్టికలో విద్యార్థులు దీనిని సరిచూచుకొనవచ్చును. ఖాళీ అంతకు మించిన నేలకును, చెరువుగట్టు అంచునకును ఈ యంత్రము తగదు. అచ్చట నడచుచు త్రోయు యంత్రమే మేలు.