ఎనభై ఏడో వంతు బజారు

నమూనా రైలుమార్గం అంటే రైళ్లను, పట్టాలను, వాటి చుట్టూ అల్లుకున్న ఊరిని ఒకే నిష్పత్తిలో కుదించి బల్లపై నిలబెట్టే కళ. చూడవచ్చినవారి కళ్లు మొదట కదిలే ఇంజను వెంటే పోతాయి గాని, ఆ ఇంజను ఏ దేశంలో, ఏ కాలంలో, ఎలాంటి మనుషుల మధ్య తిరుగుతున్నదో తెలిపేవి పట్టాల పక్కనున్న కట్టడాలే. వాటిలోనూ ఇళ్లకంటె, గిడ్డంగులకంటె ఎక్కువ సంగతులు చెప్పేవి దుకాణాలు. ఎంత ఖరీదైన ఇంజనునైనా పెట్టెతో సహా కొనుక్కోవచ్చు. దుకాణాల విషయంలో ఆ వెసులుబాటు అందరికీ లేదు. విడిభాగాలుగా అమ్మే కిట్లలో ఎక్కువ భాగం యూరప్, అమెరికా వీధులకు చెందినవి. 1946లో జర్మనీ బ్లాక్ ఫారెస్టు ప్రాంతంలోని గూటెన్‌బాఖ్‌లో పుట్టిన ఫాలర్ సంస్థ కిట్లలో ఏటవాలు పెంకుల కప్పులు, చెక్కచట్రాల గోడలు కనిపిస్తాయి గాని, డాబా మీద నీళ్ల ట్యాంకు, గోడకు ఏసీ పెట్టె, కిందికి గుంజే ఇనుప షట్టరు ఉన్న వీధి కావాలంటే దానిని కొలిచి, కోసి, అతికించి సొంతంగా కట్టుకోవలసిందే.

అలాంటి వీధులకు ఖతర్ రాజధానిలోని అల్ దోహా అల్ జదీదా మంచి ఉదాహరణ. దోహా పాత నగరభాగానికి ఆనుకుని ఉన్న ఈ పేటలో దక్షిణాసియా వలసజీవులు దట్టంగా నివసిస్తారు. తెలుగు జిల్లాలనుంచి వెళ్లినవారికి కూడా ఈ పరిసరాలు కొత్తేమీ కావు. రెండు మూడు అంతస్తుల కాంక్రీటు కట్టడాలు, కింద వరుసగా కొట్లు, పైన అద్దె గదులు: బకాలా అని పిలిచే చిల్లర కొట్టు, టైలరు, సెలూను, లాండ్రీ, ఊరికి డబ్బు పంపే ఎక్స్ఛేంజి, కరక్ చాయ్ అమ్మే కెఫెటేరియా. పక్కనే ఉన్న మ్షైరిబ్‌లో ఇదే తరహా పాత బజారును తొలగించి 31 హెక్టార్ల కొత్త నగరకేంద్రాన్ని నిర్మించారు కనుక, మిగిలిన వీధులను కొలతలతో సహా నమోదు చేసుకోవడం వ్యర్థమైన పని అనిపించుకోదు. ఇలాంటి పని ఇదివరకే జరిగింది: ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండు వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడు, ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉన్న పల్లెల్లో గడ్డికప్పుల ఇళ్లు ఒక్కొక్కటే రూపు మారిపోతుండటం చూసి వాటిని నమూనాలుగా చేయడం మొదలుపెట్టగా, ఆ ప్రయత్నమే 1954లో పెండన్ మ్యూజియంగా స్థిరపడింది. అక్కడి నమూనాల్లో ఏ ఇంటికి ఎన్ని కిటికీలో, ఏ గోడ ఏ రాయితో కట్టినదో కూడా అసలును చూసి చేసినదే. సిమెంటు కొట్లకు అంత ఆదరణ ఇంకా దక్కలేదు. అవి అందమైనవి కావన్న అభిప్రాయమే అందుకు కారణం కావచ్చు.

నిష్పత్తి అనే మాట ఈ కళకు ప్రాణం. ప్రపంచంలో ఎక్కువ ప్రచారంలో ఉన్న హెచ్‌ఓ అనే కొలమానంలో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు ఉంటుంది. బల్ల చిన్నదైనవారు 160వ వంతు ఉండే ఎన్ కొలమానాన్ని ఎంచుకుంటారు. హెచ్‌ఓ లెక్కన 4 మీటర్ల వెడల్పున్న కొట్టు 46 మిల్లీమీటర్లకు, మూడున్నర మీటర్ల అంతస్తు 40 మిల్లీమీటర్లకు, సగటు మనిషి సుమారు 20 మిల్లీమీటర్లకు దిగుతారు. తెలుగు ఇళ్లలో సంక్రాంతికో దసరాకో తీర్చే బొమ్మల కొలువులోనూ కిరాణా కొట్టు, త్రాసు, గుట్టలుగా పోసిన పప్పులు ఉంటాయి గాని, అక్కడ కొట్లో కూర్చున్న శెట్టిగారు పక్కమెట్టు మీది గుడి గోపురమంత ఎత్తున్నా ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే కొలువులో పరిమాణాన్ని నిర్ణయించేది బొమ్మకున్న ప్రాధాన్యం. రైలు బల్ల మీద ఆ స్వేచ్ఛ లేదు. తలుపు మనిషికంటె పొట్టిదైతే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది.

పట్టాల విషయంలో దోహా నమూనాకారుడికి ఒక సౌకర్యం ఉంది. దోహా మెట్రో 1435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజి మీద నడుస్తుంది. దానిని 87తో భాగిస్తే వచ్చే 16.5 మిల్లీమీటర్లే హెచ్‌ఓ పట్టాల వెడల్పు. భారతీయ రైల్వేల బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కావడంవల్ల అదే లెక్కన 19 మిల్లీమీటర్లు దాటుతుంది, అందుచేత సికింద్రాబాద్ స్టేషనును హెచ్‌ఓలో చేయదలచినవారు కొనుక్కున్న పట్టాలతో రాజీపడవలసి వస్తుంది.

కొలతల సేకరణకు టేపు పట్టుకుని ప్రతి గోడా ఎక్కనక్కరలేదు. ఇటుక బయటికి కనబడే దేశాల్లో ఇటుకల వరుసలు లెక్కపెట్టి ఎత్తు కడతారు. దోహాలో సిమెంటు దిమ్మెల గోడలకు పూత ఉంటుంది కనుక ఆ దారి మూసుకుపోతుంది. దానికి బదులు కొలత తెలిసిన ఒక వస్తువును, ఉదాహరణకు తలుపునో, కిటికీ ఏసీనో ఆధారం చేసుకుని, ఎదురు కాలిబాట నుంచి గోడకు లంబంగా తీసిన ఫోటోలో మిగతావాటిని దానితో పోల్చి లెక్కగడతారు. తెల్లవారుజామున, కార్లు అడ్డం లేనప్పుడు, మనుషుల ముఖాలు పడకుండా తీయడం పనికీ మంచిది, మర్యాదకూ మంచిది.

లెక్క పూర్తయ్యాక ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఒక కిలోమీటరు వీధి హెచ్‌ఓలో కూడా పదకొండున్నర మీటర్లు, అంత పొడవైన గది ఏ ఇంట్లోనూ ఉండదు. అందువల్ల వీధిని అలాగే కుదించడం మాని, ఏరి కుదించడం అనే పద్ధతిని పాటిస్తారు: పది షట్టర్ల వరుసలో నాలుగింటిని నిలుపుకుని, తలుపుల ఎత్తును, మెట్టు కొలతను మాత్రం తగ్గించకుండా, ఒకే రకం కొట్లలో ఒకదానిని వదిలేసి, మూలమలుపు కట్టడాన్ని తప్పక ఉంచుతారు. చేతిపని నేర్చినవాడికీ కన్ను నేర్చినవాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది, ఎందుకంటే వీధి పోలిక నిలబడేది ఉంచినవాటికంటె వదిలినవాటి ఎంపిక మీద.

గోడలకు సాధారణంగా వాడేది స్టైరీన్ అనే తెల్లని ప్లాస్టిక్ షీటు. దీనిని పూర్తిగా కోయరు. పదునైన బ్లేడుతో రెండుమూడు సార్లు గీత గీసి వంచితే ఆ గీత వెంట శుభ్రంగా విరుగుతుంది. దీని జిగురు అతికించేది కాదు, ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి రెండు అంచులను ఒకటి చేసే ద్రావకం. కనుక కుంచెతో అంచున తాకిస్తే చాలు, ఎక్కువైతే గోడే మెత్తబడుతుంది. మూలల్లో అంచులను 45 డిగ్రీల వాలుకు గీకి కలిపి, మిగిలిన సందును పుట్టీతో పూడ్చి, ఎండాక సన్నని గరుకు కాగితంతో రుద్దుతారు. కొండపల్లి కళాకారులు పొణికి కర్ర ముక్కల అతుకులను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడ్చేది ఇదే ప్రయోజనం కోసం. షట్టరుకు 1 మిల్లీమీటరు గాడులున్న షీటు దొరుకుతుంది. దానికి వెండి రంగు కాకుండా మాసిన బూడిదరంగు వేసి, ఒకదానిని సగం ఎత్తి ఉంచితే వరుసకు ప్రాణం వస్తుంది.

అన్నింటికంటె ఎక్కువ ఓపిక అడిగేది బోర్డు. దోహా దుకాణపు బోర్డు మీద అరబ్బీ, ఇంగ్లీషు పక్కపక్కనే లేదా ఒకదాని కింద ఒకటి ఉంటాయి, అరబ్బీ కుడినుంచి మొదలవుతుంది, దాని అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి కనుక ఒక్కొక్క అక్షరాన్ని విడిగా కోసి అతికించే పద్ధతి పనికిరాదు. 25 సెంటీమీటర్ల అక్షరం హెచ్‌ఓలో 3 మిల్లీమీటర్లలోపే, బోర్డు మూలనున్న ఫోను నంబరు అంకె 1 మిల్లీమీటరు కూడా ఉండదు. అందుచేత బోర్డును కంప్యూటరు మీద కూర్చి, మంచి కాగితం మీద ముద్రించి, వెనకవైపు గరుకు కాగితంతో రుద్ది పలుచన చేసి అతికిస్తారు. కోసిన కాగితపు అంచు తెల్లగా మెరిసి మొత్తం పనిని వెక్కిరిస్తుంది కనుక ఆ అంచుకు బోర్డు రంగునే సన్నని కుంచెతో పూయాలి. చాలామంది మరచిపోయే పని ఇదొక్కటే. అరబ్బీ తెలియనివారు ఆ భాష చదవగలవారికి ముందుగా చూపించుకోవాలి. కొన్ని సాఫ్టువేర్లలో అక్షరాలు విడివిడిగా, తిరగబడిన వరుసలో పడిపోవడం మామూలే.

తరువాతి పని పాతబరచడం, అంటే కొత్త ప్లాస్టిక్ మెరుపును చంపి వాడకపు గుర్తులు తేవడం. కాలిఫోర్నియాకు చెందిన నమూనాకారుడు జాన్ ఆలెన్ దీనికి ప్రాచుర్యం తెచ్చినవారిలో ప్రముఖుడు. మసాచుసెట్స్‌లో 1967లో ఫైన్ స్కేల్ మినియేచర్స్ సంస్థను స్థాపించిన జార్జ్ సెలియోస్, ఆర్థికమాంద్య కాలపు నగరాన్ని చితికిన కొట్లతో, రాలిన రంగులతో, గోడల నిండా ప్రకటనలతో కిక్కిరిసేలా కట్టి, ఈ పాతబరిచే పనిని పరాకాష్ఠకు తీసుకువెళ్లాడు. అయితే ఆయన పద్ధతిని దోహాలో యథాతథంగా అనుకరిస్తే పొరపాటే. మసాచుసెట్స్‌లో గోడను పాడుచేసేవి వాన, మంచు. దోహాలో ఏడాదికి సుమారు 75 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఇక్కడ గోడ మీద పనిచేసేవి ఎండ, షమాల్ గాలి తెచ్చే దుమ్ము, ఏసీలనుంచి కారే నీరు. కనుక రంగు నిలువు చారలుగా కాకుండా ఎండ తగిలే ముఖం మొత్తంగా వెలిసినట్టుండాలి, చూరుల పైభాగాన, బోర్డుల పై అంచున ఇసుకరంగు పొడి సన్నగా నిలవాలి, ప్రతి ఏసీ పెట్టె కిందా ఒక సన్నని ముదురు చార కిందికి దిగాలి. ఆ పెట్టె హెచ్‌ఓలో 8 మిల్లీమీటర్లు కూడా లేకపోయినా, దాని కింది చార ఒక్కటే చూసేవాడికి ఆ వీధి ఏ వాతావరణంలో ఉందో చెప్పేస్తుంది.

లోపలి దీపాలకు 1.6 మిల్లీమీటర్ల పొడవుండే ఎల్‌ఈడీలు వాడతారు. వెలిగించగానే ప్లాస్టిక్ గోడే వెలిగిపోకుండా లోపలివైపు ముందు నలుపు, దానిపై తెలుపు పూయడం తప్పనిసరి. ఎక్స్ఛేంజికి తెల్లని వెలుగు, కెఫెటేరియాకు కొంచెం పసుపు.

ఇక రైలు సంగతి. పుణెలోని కొత్రుడ్‌లో 1998లో తెరిచిన జోషి మినియేచర్ రైల్వే మ్యూజియంలో లాగా రైళ్లన్నీ ఊరి మధ్య బాహాటంగా తిరిగే వీలు ఈ పేటకు లేదు; 2019 మే 8న ప్రారంభమైన దోహా మెట్రో రెడ్ లైనులో మ్షైరిబ్, ఉమ్ గువైలినాల మధ్యనున్న అల్ దోహా అల్ జదీదా స్టేషను పూర్తిగా భూగర్భంలో ఉంది, అందులో తిరిగేవి డ్రైవరు లేని రైళ్లు. కనుక బల్ల ముందు అంచును నేలను నిలువునా కోసినట్టు తెరిచి, పైన బజారు, కింద ప్లాట్‌ఫారం ఒకేసారి కనిపించేలా చేయడమే మార్గం. భూమట్టానికి 20 మీటర్ల లోతును చూపాలంటే హెచ్‌ఓలో 23 సెంటీమీటర్లు కావాలి. అది ఎక్కువనుకుంటే సగానికి తగ్గించినా ఎవరికీ తప్పుగా తోచదు, కాని కొట్ల తలుపులను మాత్రం అలా తగ్గించరాదు. ఇలాంటి బల్ల మీద కట్టడాలను నేలకు జిగురుతో బిగించరు. నాలుగేసి కొట్లను ఒక పలకపై కూర్చి, దీపాల తీగను చిన్న ప్లగ్గుతో కలిపి, మొత్తంగా పైకెత్తగలిగేలా ఉంచుతారు. కింది సొరంగంలో పట్టాలు తుడవడానికైనా, పట్టాలు తప్పిన పెట్టెను తీయడానికైనా చేయి దూరవలసింది ఆ బజారు గుండానే.