రామదాసు చెరసాల కీర్తనలు: శత్రునింద లేని న్యాయాభ్యర్థన

వ్యాససంగ్రహం:
అన్యాయానికి గురైన భక్తుడు దైవన్యాయాన్ని ఆశ్రయించినప్పుడు శత్రువుకు శిక్ష పడాలని కోరడం భక్తి సాహిత్యంలో తరచుగా కనిపించే విషయం. గోలకొండ చెరసాలతో ముడిపడిన రామదాసు ప్రసిద్ధ కీర్తనల్లో ఆ కోరికకు బదులు దైవాన్నే నిలదీసే వాదం వినిపిస్తుంది. ఆ వాదం స్వరూపాన్ని, దాని వెనుక ఉన్న న్యాయభావనను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: రామదాసు, దైవన్యాయం, నిందాస్తుతి, గోలకొండ, తానీషా, అక్కన్న మాదన్నలు.

1. ప్రవేశిక:
హైదరాబాదు పాతబస్తీలో సంతోష్‌నగర్‌కు సమీపంలోని మాదన్నపేట, శాలిబండ ప్రాంతంలోని అక్కన్న మాదన్న దేవాలయం కుతుబ్‌షాహీ పాలన చివరి దశను నేటికీ గుర్తుచేస్తున్నాయి. అబుల్ హసన్ తానీషా కాలంలో (1672-1687) అక్కన్న, మాదన్న సోదరులు పాలనలో కీలక స్థానాల్లో ఉన్నారు. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న వారికి మేనల్లుడని సంప్రదాయం చెబుతుంది. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న ఆయన శిస్తు సొమ్మును భద్రాచల రామాలయ నిర్మాణానికి వెచ్చించాడన్న అభియోగంపై గోలకొండలో బందీ అయ్యాడు. చెర పన్నెండేళ్లు సాగిందని ప్రతీతి. ఈ వృత్తాంతంలో చరిత్ర, ఐతిహ్యం విడదీయరానంతగా కలిసిపోయాయి. అందువల్ల ఇక్కడ కీర్తనల్లోని వాదక్రమమే ప్రధానంగా పరిశీలనకు వస్తుంది.

2. ఫిర్యాది ఎవరు? ప్రతివాది ఎవరు?
రాజ్యం దృష్టిలో గోపన్న నిర్దోషి కాడు. అనుమతి లేకుండా ప్రభుత్వ ధనాన్ని ఖర్చుచేసిన ఉద్యోగి. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన ఈ వాస్తవాన్ని దాచదు. ప్రాకారాలకు ఎంత, భరతునికి చేయించిన పతకానికి ఎంత, శత్రుఘ్నుని మొలతాడుకు ఎంత, సీతమ్మ చింతాకు పతకానికి ఎంత అన్న పద్దులు అందులో వరుసగా వస్తాయి. ఒక తహసీల్దారు లెక్క అప్పజెప్పే తీరు ఇది. అయితే ఆ లెక్క వినవలసినవాడు నవాబు కాడు, నగలు ధరించిన రాముడు. సొమ్ము అనుభవించినవాడు తానే కనుక బాకీ కూడా తానే తీర్చాలన్నది వాదన సారాంశం.

ఈ విధంగా దైవం ఒకేసారి న్యాయాధిపతి, ప్రతివాది అవుతున్నాడు. నిందాస్తుతికి ఇది చక్కని ఉదాహరణ. తీవ్రంగా దెప్పిపొడిచిన కవి చివరకు దెబ్బల బాధ ఓర్వలేక నిందించానని ఒప్పుకొని క్షమాపణ కోరుతాడు. ఆగ్రహం, శరణాగతి ఒకే కీర్తనలో ఇమిడి ఉండటం గమనార్హం. నిలదీయగలిగిన చనువు విశ్వాసానికి లోపం కాదు, దానికి ఆధారం.

3. మౌనం - మధ్యవర్తిత్వం:
దైవన్యాయాన్ని నమ్మినవానికి ఎదురయ్యే కఠిన పరీక్ష శత్రువు బలం కాదు, దైవం మౌనం. 'పలుకే బంగారమాయెనా' కీర్తనకు ఇదే వస్తువు. ఇసుకలో పొర్లిన ఉడుతపై చూపిన దయను గుర్తుచేసి, పూర్వం చేసిన రక్షణను కవి ప్రమాణంగా చూపుతాడు. 'నను బ్రోవమని చెప్పవే' కీర్తనలో అభ్యర్థన సీతమ్మ ద్వారా సాగుతుంది. దొర దగ్గరకు నేరుగా చేరలేని విన్నపం ఇంటి ఇల్లాలి మాటతో చేరుతుందన్న లోకానుభవం ఇందులో ఉంది. న్యాయం ఆలస్యమైనప్పుడు కవి దయను ఆశ్రయిస్తున్నాడు.

4. శత్రువు స్థానం:
తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది తన కేశాలను కృష్ణునికి చూపి, జరిగిన అవమానానికి యుద్ధంలోనే ప్రతీకారం కోరుతుంది. బైబిల్ కీర్తనల్లో కొన్ని శత్రువుల పతనాన్ని బాహాటంగా ప్రార్థిస్తాయి. ఆ రెండింటిలోనూ భక్తుడు, దైవం, శత్రువు అనే మూడు స్థానాలు స్పష్టం. పైన పేర్కొన్న మూడు కీర్తనల్లో మూడో స్థానం దాదాపు ఖాళీ. బంధించిన ప్రభువుకు కీడు కోరే మాట వాటిలో లేదు.

ఐతిహ్యం కూడా ఈ దిశలోనే నడిచింది. రామలక్ష్మణులు సేవకుల రూపంలో వచ్చి సొమ్ము చెల్లించినప్పుడు దర్శనభాగ్యం తానీషాకే దక్కింది. పూర్వజన్మలో చిలుకను పంజరంలో ఉంచిన పాపమే గోపన్న చెరకు కారణమన్న కథ, దోషాన్ని ఎదుటివారిపై మోపక బాధితుని వైపే తిప్పింది. భద్రాచల కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని సంప్రదాయం తానీషాతోనే ముడిపెడుతుంది. బంధించిన రాజు కథాంతంలో దాతగా మారాడు.

5. నెరవేరని న్యాయం:
ఈ వృత్తాంతాన్ని సుఖాంతంగా మాత్రమే చదివితే చరిత్రలో సగం మరుగునపడుతుంది. 1686లో అక్కన్న, మాదన్నలు గోలకొండలో దారుణహత్యకు గురయ్యారు. వారిని విడిపించడానికి సేవకుల రూపంలో ఎవరూ రాలేదు. మరుసటి సంవత్సరం ఔరంగజేబు సేనలకు కోట లొంగింది. తానీషా సైతం బందీ అయ్యాడు. ఒకే కుటుంబంగా చెప్పబడుతున్న వారిలో ఒకరి విషయంలో న్యాయం కథగా నిలిచింది, మరి ఇద్దరి విషయంలో అది జరగలేదు. కాబట్టి దైవన్యాయంపై నమ్మకాన్ని ఫలితానికి హామీగా గ్రహించడం సరికాదు. కీర్తనలు పలికేది విడుదల తరువాతి ఆనందాన్ని కాదు, జవాబు రాని కాలపు నిరీక్షణను. వాటి బలం అక్కడే ఉంది.

ముగింపు:
• రామదాసు కీర్తనల్లో దైవన్యాయం శత్రుశిక్షగా కాక, దైవంతో లెక్క తేల్చుకొనే హక్కుగా వ్యక్తమైంది.
• ఉద్యోగ జీవితంలోని పద్దుల భాష భక్తి కవిత్వంలో న్యాయవాదంగా రూపాంతరం చెందింది.
• ఫిర్యాదును ద్వేషంగా మారనీయకపోవడం వల్లనే, బంధించినవానికీ బందీకీ ఒకే కథలో గౌరవస్థానం దక్కింది.
• అక్కన్న మాదన్నల అంతాన్ని పక్కన ఉంచి చదివినప్పుడే ఈ విశ్వాసం విలువ, పరిమితి రెండూ బోధపడతాయి.