పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ఫార్మాట్ కొట్టేముందు టైమ్ చూడండి!

"అన్నా, మల్ల బందైంది. ఈసారి టెస్ట్ మధ్యల!"

ఓ శనివారం సాయంత్రం చెల్లి ఫోన్. చెల్లి అంటే మా చిన్నమ్మ కూతురు. బీటెక్ ఫైనల్ ఇయర్. వాళ్లుండేది సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో, ఓ అద్దె పోర్షన్‌లో. ఓ కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ రాస్తుంటే కంప్యూటర్ టక్కున ఆగి, మళ్లీ దానంతటదే ఆన్ అయింది. లాగిన్ అయ్యేలోపు సెషన్ అయిపోయిందని మెసేజ్. ఆ కంపెనీ అలా పోయింది. ఇంకో కంపెనీ టెస్ట్ రెండు వారాల్లో ఉంది.

అప్పటికి ఆ పీసీకి రెండుసార్లు ఫార్మాట్ కొట్టించారు. షాపతను మొదటిసారి వైరస్ అన్నాడు. రెండోసారి విండోస్ కరప్ట్ అన్నాడు. మూడోసారి "మదర్‌బోర్డ్ పోయింది, 14 వేలైతది" అన్నాడు. బాబాయ్‌ది పటాన్‌చెరులో షిఫ్ట్ డ్యూటీ. ఆయనకి 14 వేలంటే చిన్న మాట కాదు. అన్నిటికంటే బాధేంటంటే, రెండో ఫార్మాట్‌లో నాయనమ్మ ఫొటోలన్నీ పోయాయి. డీ డ్రైవ్‌లో ఉన్నాయిలే అని చిన్నమ్మ, పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయిలే అని బాబాయ్ అనుకున్నారు. రెండిట్లోనూ లేవు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా చుట్టాల దృష్టిలో దానర్థం ప్రింటర్ నుంచి గీజర్ దాకా అన్నీ బాగుచేసేవాడని. నిజం చెప్పాలంటే స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నాకూ భయమే. కానీ బగ్ పట్టుకునే అలవాటొకటి ఉంది. ఏదైనా ఆగిపోతుంటే ముందు అది ఎప్పుడెప్పుడు ఆగుతోందో చూస్తాం. అందుకే చెల్లికి ఒక్క పని చెప్పా. "వారం రోజులు నోట్‌బుక్ పక్కన పెట్టుకో. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ టైమ్ రాయి. అప్పుడు ఇంట్లో ఏం నడుస్తుందో కూడా రాయి."

విండోస్ రాసుకునే డైరీ

మీ విండోస్ కూడా ఇలాంటి డైరీ ఒకటి రాసుకుంటుంది. స్టార్ట్‌లో 'ఈవెంట్ వ్యూయర్' అని వెతికి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరవండి. ఎర్ర గుర్తుతో 'కెర్నల్ పవర్ 41' అని కనిపిస్తుంది. అది చూసి చాలామంది కంగారుపడి కెర్నల్ పాడైందనుకుంటారు. అంత లేదు. "నన్ను సరిగ్గా షట్‌డౌన్ చెయ్యకుండా ఆపేశారు" అని విండోస్ లేచాక రాసుకున్న కంప్లైంట్ అది. అసలు క్లూ దాని డీటెయిల్స్‌లో ఉంటుంది, 'బగ్‌చెక్ కోడ్' అని. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిందని అర్థం. డ్రైవర్, ర్యామ్ లాంటివాటిని అనుమానించాలి. సున్నా ఉంటే, చాలాసార్లు, ఎర్రర్ నోట్ చేసుకునే టైమ్ కూడా విండోస్‌కి దొరకలేదన్నమాట. అప్పుడు చూపు కరెంటు వైపు, ఎస్‌ఎంపీఎస్ వైపు, వేడి వైపు తిప్పాలి.

చెల్లి ఫోన్‌తో ఫొటోలు తీసి పంపింది. తొమ్మిది ఎంట్రీలు. తొమ్మిదింట్లోనూ సున్నానే.

ఇక నోట్‌బుక్‌లో చూడండి: పొద్దున 6:40, సాయంత్రం 6:15, మళ్లీ పొద్దున 6:45. పక్కన 'ట్యాంక్ నింపుతున్నరు' అని రాసి ఉంది. మధ్యమధ్యలో 'కరెంటు కొట్టుకుంది' అని ఇంకో నాలుగు.

ట్యాంక్ నింపేది ఓనర్ అంకుల్ బోరు మోటారు.

20 మిల్లీసెకన్ల కథ

మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే ఒక్కో సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు చటుక్కున పోతే అవి కాసేపు నెట్టుకొస్తాయి. ఎంతసేపనుకున్నారు? మంచి ఎస్‌ఎంపీఎస్ 16, 17 మిల్లీసెకన్లు ఆగాలని స్టాండర్డ్. క్యాబినెట్‌తో పాటు చవగ్గా వచ్చేవి అది కూడా ఆగకపోవచ్చు. మనం కన్ను ఆర్పేలోపే కథ అయిపోతుంది. ల్యాప్‌టాప్‌కి లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈ బాధ తెలీదు.

బోరు మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా నడిచేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో ఆ లైన్ మీద వోల్టేజ్ పడిపోతుంది. నేను పోతిరెడ్డిపల్లి వెళ్లి సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి కూర్చున్నా. సాయంత్రం అంకుల్ మోటారు వేశారు. ట్యూబ్‌లైట్ ఒకసారి మినుక్కుమంది, మీటర్ 160ల్లోకి జారి మళ్లీ పైకెక్కింది, పీసీ రీస్టార్ట్. కళ్లముందే!

"మరి ఇన్వర్టర్ ఉంది కదరా?" అని బాబాయ్ డౌట్. మంచి డౌట్. ఇన్వర్టర్ వెనకాల చిన్న స్విచ్ ఉంది. చాలా కంపెనీల ఇన్వర్టర్లకి ఇది ఉంటుంది, ఒకవైపు 'యూపీఎస్', ఇంకోవైపు 'నార్మల్' లేదా 'ఎకో'. మోడల్‌ని బట్టి తేడా ఉంటుంది గానీ, నార్మల్‌లో వోల్టేజ్ వంద చిల్లరకి పడినా ఇన్వర్టర్ పట్టించుకోకుండా అదే కరెంటు లోపలికి పంపేస్తుంది. ఫ్యాన్లకీ లైట్లకీ అది చాలు. పైగా కరెంటు పోతే బ్యాటరీకి మారడానికి 30, 40 మిల్లీసెకన్లు తీసుకోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో సుమారు 180 కంటే తగ్గగానే బ్యాటరీకి మారుతుంది, అదీ చాలా వేగంగా. చిన్నమ్మ వాళ్ల స్విచ్ నార్మల్‌లో ఉంది. ఎండాకాలం బ్యాటరీ నీళ్లు పోసినప్పుడు ఎవరి చెయ్యో తగిలినట్టుంది.

స్విచ్ మార్చాం. ఖర్చు సున్నా. రోజుకి రెండు మూడు అయ్యే రీస్టార్ట్‌లు నాలుగు రోజుల్లో రెండుకి తగ్గాయి. ఆ రెండూ కూడా వద్దని, ఫ్రెండ్ దగ్గర వేరే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూశా. ఒక్కటీ రాలేదు. అప్పుడు కొత్తది కొన్నాం, మూడు వేల లోపే. పాతదాన్ని విప్పి చూడాలని చెయ్యి దురద పెడుతుంది, కానీ వద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జ్ మిగిలి ఉంటుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. పీసీ సంగతి తర్వాత.

మీ కేసు వేరే కావచ్చు. గేమ్ ఆడుతున్నప్పుడో, వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడో మాత్రమే ఆగుతుంటే వేడిని అనుమానించండి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వెళ్తే ముందు స్లో అవుతుంది, ఇంకా పెరిగితే తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. హీట్‌సింక్‌లో దుమ్ము దులిపి చూడండి. బ్లూ స్క్రీన్ కనిపించీ కనిపించకుండా మాయమవుతుంటే 'స్టార్టప్ అండ్ రికవరీ' సెట్టింగ్స్‌లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ తీసేయండి. స్క్రీన్ నిలబడుతుంది, కోడ్ ఫొటో తీసుకోవచ్చు. ర్యామ్ మీద డౌటుంటే 'విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్' ఫ్రీగా మీ పీసీలోనే ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో బాగా పాత పీసీ కొన్నారా? 2000ల మొదట్లో వచ్చిన చాలా మదర్‌బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పడ్డాయి. వాటి తలలు ఉబ్బిపోతే ఇలాంటి రీస్టార్ట్‌లే వచ్చేవి.

ఫార్మాట్ మాత్రం ఆఖరున. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచం మొత్తం మీద దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్‌తో పడిపోయాయి. చాలావాటికి రీస్టార్ట్ మీద రీస్టార్ట్. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో వైరల్ అయింది. అంత గోలకీ ఇచ్చిన మందు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ తప్పు ఫైల్ డిలీట్ చెయ్యడం.

చెల్లి రెండో టెస్ట్ కూడా శనివారం సాయంత్రమే పడింది. ఆరు నుంచి ఏడున్నర దాకా మోటారు వెయ్యొద్దని ఓనర్ అంకుల్‌కి పొద్దున్నే చెప్పి వచ్చింది. ఆయన సరే అన్నారు, మర్చిపోయారు. ఆరుంబావుకి మోటారు వేశారు. ట్యూబ్‌లైట్ మినుక్కుమంది, ఇన్వర్టర్ టక్కుమంది. చిన్నమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చెల్లి తల కూడా తిప్పలేదు. పదిహేడో ప్రశ్న చదువుతోంది.